రూముకో రౌటర్: రెండు బ్యాండ్ల డబ్బా గురించి కొన్నవాళ్లు ఏమంటున్నారు?

దుబాయి, షార్జా, అబుదాబి క్యాంపుల్లో ఏ రూము తలుపు తీసినా మంచాలు, బీరువాలు, రైస్ కుక్కర్ తర్వాత ఇప్పుడు కచ్చితంగా కనిపించే సామాను ఇంకొకటి ఉంది. రెండో నాలుగో కొమ్ములున్న చిన్న డబ్బా. కిటికీ మీదో, ఫ్రిజ్ మీదో, బీరువా నెత్తినో కూర్చుని పచ్చ లైట్లు మిటకరిస్తుంటుంది. ఒకప్పుడు ఫోన్ కార్డు గీకి, నంబర్లు నొక్కి, బూత్ ముందు లైన్లో నిలబడి ఇంటికి మాట్లాడిన అన్నలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఇవాళ ఆ బూత్ పని అంతా ఈ డబ్బాయే చేస్తోంది. అందుకే అది సరిగా పనిచేయని రోజు రూములో అన్నం కూడా సహించదు.

మేము కాంట్రాక్టింగ్ కంపెనీల్లో పనిచేసే ఆఫీసు గుమాస్తాలం. టైమ్‌షీట్లు, లీవు ఫారాలు, వీసా కాగితాలు మా పని. ఫోన్ కంపెనీల కాగితాలు అరబీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి, 'జర చదివి చెప్పు తమ్మీ' అని మన వాళ్లు మా దగ్గరికే తెస్తారు. అలా రౌటర్ల పంచాయితీ మా టేబుల్ మీదికి వచ్చింది. సెలవు రోజుల్లో సోనాపూర్, అల్ కూజ్ క్యాంపుల్లో కొన్ని రూములు తిరిగి, డబ్బులు పెట్టి కొన్నవాళ్లనే అడిగాం. ఎక్కువమంది కొన్నది 'డ్యుయల్ బ్యాండ్' రౌటర్. కొందరు దాన్ని దేవుడంటారు, కొందరు దండగ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎందుకో చూద్దాం.

రెండు బ్యాండ్లు అంటే ఏమిటి?

వైఫై గాలిలో ఎక్కువగా రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. పాత రౌటర్లకు మొదటి దారి ఒక్కటే ఉండేది. డ్యుయల్ బ్యాండ్ రౌటర్ ఒకేసారి రెండు దారులూ తెరుస్తుంది.

2.4 దారి దూరం పోతుంది, గోడ దాటుతుంది. కానీ ఇరుకు. అందులో ఒకదానికొకటి తగలకుండా నడిచే చానెళ్లు 1, 6, 11 అని మూడే. క్యాంపులో ఒక అంతస్తులో ఇరవై రూములుంటే, ఇరవై రౌటర్లూ ఆ మూడింటి మీదే కొట్టుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ దారిలోకే వచ్చి పడతాయి. 5 దారిలో చానెళ్లు చాలా ఎక్కువ, వేగం కూడా ఎక్కువ. కానీ దూరం తక్కువ, గోడ అడ్డం వస్తే త్వరగా నీరసపడుతుంది. ఒకటి ఊరి మట్టి రోడ్డు అనుకుంటే రెండోది పొట్టి హైవే. ఏది మంచిదంటే, మీరు ఎంత దూరం పోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

'5జీ' అని రాసి ఉంటే 5జీ కాదు

మేము వెళ్లిన రూముల్లో ఎక్కువగా విన్న పొరపాటు ఇదే. ఫోన్లో వైఫై తెరిస్తే రూము పేరు ఒకటి, అదే పేరు చివర '5జీ' అని ఇంకొకటి కనిపిస్తుంది. అది చూసి 'మన రౌటర్ 5జీ' అనుకుంటారు. కానీ ఆ 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ దారి అని మాత్రమే. టవర్ నుంచి వచ్చే ఐదో తరం మొబైల్ 5జీకి, దీనికి సంబంధం లేదు. 4జీ సిమ్ వేసిన రౌటర్ కూడా రూము లోపల '5జీ' అనే పేరు చూపిస్తుంది.

ఈ తేడా తెలియక నష్టపోయిన రూము కూడా ఉంది. ఎలక్ట్రానిక్స్ షాపులో డబ్బా మీద డ్యుయల్ బ్యాండ్ అని, వేగం అని పెద్ద అక్షరాలు చూసి కొన్నారు. ఇంటికి తెచ్చి విప్పితే అందులో సిమ్ పెట్టే చోటే లేదు. అది వచ్చే లైనును పంచే డబ్బా మాత్రమే, లైను తెచ్చే డబ్బా కాదు. ఉదాహరణకు టీపీ-లింక్ ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 అనేవి పేరున్న డ్యుయల్ బ్యాండ్ రౌటర్లే. కానీ వాటిలో సిమ్ వేయలేం, గోడలోంచి కేబుల్ రావాలి. క్యాంపులో కేబుల్ లైను లేనప్పుడు కొనాల్సింది సిమ్ స్లాట్ ఉన్న రౌటర్. ఫోన్ కంపెనీలు 'హోమ్ వైర్‌లెస్' పేరుతో ఇచ్చేది అదే.

డబ్బా మీద అంకెల లెక్క

'ఏసీ1200' అని రాసి ఉంటే 1200 ఎంబీపీఎస్ వేగం వస్తుందని షాపువాడు చెబుతాడు. అది కూడిక లెక్క. 2.4 మీద 300, 5 మీద 867, రెండూ కలిపి 1167. దాన్ని 1200 చేసి అచ్చు వేశారు. ఒక ఫోను ఒకసారికి ఒక దారిలోనే పోతుంది కాబట్టి ఆ కూడిక ఎవరి చేతికీ రాదు. ఆ 867 కూడా కాగితం మీద అంకె, గాలిలో సగం దక్కితే సంతోషించాలి. పైగా బయటి నుంచి వచ్చే లైను 50 అయితే, లోపల రౌటర్ ఎంత గొప్పదైనా 50కి మించి ఇవ్వలేదు. ట్యాంకులో ఉన్న నీళ్లే కదా నల్లాలో వచ్చేది.

అయితే మనకు ఎంత కావాలి? ఒక వీడియో కాల్‌కు సుమారు 1 ఎంబీపీఎస్, మంచి బొమ్మతో సినిమా చూస్తే సుమారు 5 సరిపోతుంది. ఎనిమిది మంది రూములో అందరూ ఒకేసారి ఇంటికి మాట్లాడినా 10 లోపలే. అందరూ సినిమాలు పెడితే 40. కాబట్టి మన రూములకు 1200లు, 3000లు అక్కర్లేదు. ఉన్నది నిలకడగా రావడమే ముఖ్యం.

మెచ్చుకున్నవాళ్ల మాట

అల్ కూజ్‌లో ఆరు మంచాల రూము. అందరూ నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు. పాత ఒకే బ్యాండ్ రౌటర్ తీసేసి డ్యుయల్ బ్యాండ్ పెట్టాక, రాత్రి వీడియో కాల్‌లో బొమ్మ గడ్డకట్టడం ఆగిందని చెప్పారు. కారణం ఊహించడం కష్టం కాదు. రూము చిన్నది, రౌటర్ నుంచి ఏ మంచమూ నాలుగైదు మీటర్లు దాటదు. మధ్యలో గోడ లేదు. చుట్టుపక్కల రూములన్నీ 2.4 మీద కిక్కిరిసి ఉంటే, వీళ్లు 5 మీదికి మారి ఖాళీ రోడ్డు ఎక్కారు. ఆ రూములోని ఒక షటరింగ్ మేస్త్రీ ఇంటిదగ్గర బిడ్డ పుట్టి నాలుగు నెలలైంది, ఆయన ఇంకా ఎత్తుకోలేదు. పాత రౌటర్ ఉన్నప్పుడు బిడ్డ నవ్వు మొదలైందంటే బొమ్మ ఆగిపోయేదట. 'ఇప్పుడు నవ్వు మొత్తం కనిపిస్తుంది' అన్నాడు. రౌటర్ గురించి మేము విన్న మెప్పులన్నిట్లో అదే పెద్దది.

ఇంకో రూములో పని పంచుకున్నారు. కొత్త ఫోన్లు 5 మీద, పాత ఫోన్లు 2.4 మీద. దీనివల్ల పాత ఫోన్ల భారం కొత్తవాటి మీద పడటం లేదని వాళ్ల అనుభవం. ఇది చేయాలంటే రెండు దారులకూ వేరువేరు పేర్లు పెట్టుకోవాలి. చాలా రౌటర్లు కొత్తగా వచ్చినప్పుడు రెండిటికీ ఒకే పేరు పెట్టి, దారి ఎంచుకునే పని తామే చూసుకుంటాయి. అది బాగా పనిచేస్తే సరే. లేదంటే ఫోను దగ్గరలోనే ఉన్నా 2.4ను పట్టుకుని వదలదు. అప్పుడు సెట్టింగుల్లో పేర్లు విడదీయడం మేలు.

తిట్టుకున్నవాళ్ల మాట

మొదటి ఫిర్యాదు: 'పక్క రూములో రావడం లేదు.' రెండు రూములు కలిసి చందా వేసి ఒకే రౌటర్ కొన్నచోట ఈ గొడవ తప్పడం లేదు. సిమెంటు ఇటుక గోడ దాటాక 5 దారి బలం బాగా తగ్గుతుంది. పోర్టా క్యాబిన్ అయితే ఇంకా కష్టం, ఆ గోడల మీద ఇనుప రేకు ఉంటుంది. రేకు వైఫైని లోపలికి వెనక్కు కొడుతుంది. ఇనుప బంకు మంచాలు, స్టీలు బీరువాలు కూడా అంతే. బీరువా వెనక దాచిన రౌటర్, దుప్పటి కప్పుకుని కేక వేసే మనిషి ఒకటే. రెండు రూముల చందా అయితే ఒప్పందానికి ముందే రెండో రూములో ఫోను పట్టుకుని చూడండి.

రెండో ఫిర్యాదు: 'నా ఫోనులో 5 పేరే కనిపించదు.' రౌటర్ తప్పు కాకపోవచ్చు. తక్కువ ధర ఫోన్లు, పాత ఫోన్లు కొన్నిట్లో 2.4 రేడియో మాత్రమే ఉంటుంది. రౌటర్‌కు ఒక మీటరు దూరంలో నిలబడినా ఆ పేరు రాకపోతే, పక్కవాడి ఫోనులో వస్తుంటే, మీ ఫోనుకు ఆ శక్తి లేదని దాదాపు ఖాయం. అలాంటి ఫోన్లే ఎక్కువ ఉన్న రూము డ్యుయల్ బ్యాండ్‌కు అదనంగా డబ్బు పెట్టడం వృథా.

మూడో ఫిర్యాదు: 'ఎండాకాలంలో ఆగి ఆగి వస్తుంది.' ఇళ్లలో వాడే చాలా రౌటర్లను 0 నుంచి 40 డిగ్రీల వేడి వరకే తయారు చేస్తారు, వాటి పుస్తకంలోనే ఆ మాట ఉంటుంది. డ్యూటీకి పోయేటప్పుడు ఏసీ ఆపేసి తలుపు వేస్తే, జూలైలో మూసిన రూము 40 దాటడానికి ఎంతసేపు? సిమ్ రౌటర్‌కు టవర్ సిగ్నల్ కిటికీ దగ్గరే బాగా అందుతుంది, కానీ కిటికీ దగ్గరే ఎండ. కాబట్టి కిటికీకి దగ్గరగా, ఎండ నేరుగా తగలని చోట, వేడి గాలి కొట్టే ఫ్రిజ్ వెనక కాకుండా పెట్టాలి. దాని మీద తువ్వాలు ఆరేయకూడదు. నవ్వకండి, మేము చూశాం.

నాలుగోది అడాప్టర్. ఒక రూములో అడాప్టర్ కాలిపోతే ఇంట్లో ఉన్న వేరే అడాప్టర్ గుచ్చారు, పిన్ను సరిపోయింది కదా అని. రౌటర్ మాటిమాటికీ ఆరి వెలిగేది. పిన్ను కాదు, దాని మీద అంకెలు చూడాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి, తక్కువ ఉండకూడదు.

తప్పు రౌటర్‌దా, లైనుదా?

ఇక్కడ రాత్రి 9 అయితే ఇంటి దగ్గర పదిన్నర. అంటే పిల్లలు పడుకోకముందు మాట్లాడాలంటే మనకు ఉన్నది డ్యూటీ బస్సు దిగినప్పటి నుంచి గంటా గంటన్నర. క్యాంపు మొత్తానికి అదే గంట. వేలమంది ఒకే టవర్ మీద పడతారు. అప్పుడు సిమ్ రౌటర్ నెమ్మదిస్తే, ఎంత ఖరీదైన రౌటర్ మార్చినా లాభం లేదు.

తప్పు ఎక్కడుందో తెలుసుకునే తేలిక పద్ధతి ఇది. రౌటర్ పక్కనే నిలబడి, 5 దారిలో ఉండి, వేగం కొలిచే యాప్ తెరవండి. అక్కడ కూడా తక్కువే వస్తే తప్పు బయటి లైనుది. అక్కడ బాగా వచ్చి మీ మంచం దగ్గర పడిపోతే తప్పు లోపలి వైఫైది, రౌటర్ స్థలం మార్చాలి. ఇదే పరీక్ష తెల్లవారుజామున 4 గంటలకు, రాత్రి 9కి రెండుసార్లు చేయండి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే రద్దీ. రెండూ బాగుండి ఇంటికి కాల్ మాత్రం ఆగిపోతే, ఊళ్లో ఇంటిదగ్గర సిగ్నల్ చూడమనండి. ఫోను పట్టుకుని వంటింట్లో కూర్చున్న అమ్మను వాకిట్లోకి రమ్మంటే బాగుపడిన కాల్స్ చాలా ఉన్నాయి.

ఒక రూమువాళ్లు గోడ మీద కాగితం అంటించారు: రాత్రి 8 నుంచి 10 దాకా సినిమాలు, డౌన్‌లోడ్లు బంద్, ఇంటి కాల్స్‌కే వైఫై. పైసా ఖర్చు లేని ఈ పద్ధతిని మేము చూసిన అన్ని రౌటర్ల కంటే గొప్పదంటాం.

డబ్బు అందరిది, పేరు ఒక్కడిది

ఇప్పటిదాకా చెప్పింది వేగం గురించి. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. హోమ్ వైర్‌లెస్ లైను ఒకరి ఎమిరేట్స్ ఐడీ మీదే వస్తుంది. చాలా ప్లాన్లకు 12 నెలలో 24 నెలలో ఒప్పందం ఉంటుంది. రూములో ఎనిమిది మంది కడుతున్నా, కాగితం మీద బాకీదారు ఒక్కడే.

ఒక స్టీల్ ఫిక్సర్ అన్న కథ వినండి. లైను ఆయన పేరున తీసుకున్నారు. ప్రాజెక్టు అయిపోయి కంపెనీ ఆయన వీసా క్యాన్సిల్ చేసింది. ఒప్పందం ఇంకా నెలలు మిగిలి ఉంది. 'నువ్వు పో అన్నా, మేం కడతం' అని రూమువాళ్లు మాట ఇచ్చారు. మాట ఇచ్చిన రోజు అందరిదీ మంచి మనసే. కానీ రెండు నెలల్లో ఇద్దరు వేరే క్యాంపుకు మారారు, ఒకరు సెలవు మీద పోయారు, మిగిలినవాళ్లకు వాటా బరువైంది. కట్టడం ఆగింది. ఆయన కొత్త వీసా మీద తిరిగి వచ్చి లైను అడిగితే ముందు పాత బాకీ కట్టమన్నారు. కొత్త కంపెనీలో మొదటి జీతం రాకముందే ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టాడు. ఆ రూములో ఎవరితోనూ ఇప్పుడు ఆయనకు మాటల్లేవు. వాళ్లంతా ఒకే మండలం వాళ్లు.

ఇలా కాకుండా ఉండాలంటే మెస్ లెక్క రాసినట్టే రౌటర్ లెక్క రాయండి. ఉదాహరణకు నెలకు 200 దిర్హమ్‌లు, ఎనిమిది మంది అనుకుంటే తలా 25. ప్రతి ఒక్కరూ రెండు నెలల వాటా ముందుగా జమ చేయాలి, రూము వదిలేటప్పుడు లెక్క చూసి తీసుకోవాలి. సెలవు మీద పోయినవాడు కట్టాలా వద్దా అన్నది పోకముందే తేల్చుకోండి. ఎవరి పేరున తీసుకోవాలంటే, వీసా గడువు ఎక్కువ మిగిలి ఉన్నవాడి పేరున. మధ్యలో ఆపితే ఎంత కట్టాలో, వేరే పేరుకు మార్చవచ్చో లేదో సంతకానికి ముందే అడగండి. ఒప్పందం లేని ప్రీపెయిడ్ ప్లాన్ దొరికితే నెలకు కాస్త ఎక్కువైనా క్యాంపు బతుకుకు అదే నయం. వీసా క్యాన్సిల్ అని తెలిసిన రోజే లైను మూసేయండి, మూసినట్టు కాగితం తీసుకుని ఫోనులో ఫోటో దాచుకోండి.

పాస్‌వర్డ్ చందమామ కథ కాదు, అందరికీ చెప్పడానికి

'మా బావ పక్క బ్లాకులో ఉన్నాడు, జర పాస్‌వర్డ్ ఇయ్యి' అంటే కాదనలేం. అలా ఎనిమిది ఫోన్ల రౌటర్ మీద ముప్పై ఫోన్లు ఎక్కుతాయి. వేగం పోవడం చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, ఆ లైను మీద ఎవరు ఏ తప్పుడు పని చేసినా ముందు అడిగేది లైను ఎవరి పేరున ఉందో ఆయన్నే.

యూఏఈలో 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం 2022 జనవరి నుంచి అమలులో ఉంది. నేరం చేయడానికో, నేరం బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రసు దాచేవాళ్లకు జైలు లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంటుంది, రెండూ కూడా పడవచ్చు. ఇక్కడ వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి కదా అని దొరికిన వీపీఎన్ వేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లోనే ఇంటికి మాట్లాడండి.

రౌటర్ సెట్టింగులు తెరవాలంటే, వైఫైలో ఉండి ఫోను బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి. సరైన అంకె రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ చేయాల్సినవి నాలుగు. ఒకటి, కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. రెండు, భద్రత డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3లో పెట్టడం. మూడు, డబ్ల్యూపీఎస్ ఆపేయడం. నాలుగు, చుట్టాలకు, అతిథులకు 'గెస్ట్' పేరుతో వేరే పాస్‌వర్డ్ ఇవ్వడం, వాళ్లు పోయాక దాన్ని ఆపేయడం. రూములో ఎవరు ఖాళీ చేసినా పాస్‌వర్డ్ మార్చడం అలవాటు చేసుకోండి. తాళం చెవి తీసుకున్నట్టే ఇది కూడా.

మరి కొనాలా వద్దా?

కొన్నవాళ్ల మాటలన్నీ కలిపి చూస్తే మాకు తేలింది ఇది. ఒకే రూము, చుట్టూ చాలా రౌటర్లు, సగానికి పైగా కొత్త ఫోన్లు ఉంటే డ్యుయల్ బ్యాండ్ కొనండి, డబ్బు వృథా కాదు. పాత ఫోన్లే ఎక్కువైతేనో, రెండు మూడు రూములకు పంచాలంటేనో తొందరపడకండి. తొలగాల్సిన ఇబ్బంది రాత్రి రద్దీ అయితే రౌటర్ మార్చి లాభం లేదు, లైను మార్చి చూడండి.

ఇంటికి పోయేటప్పుడు రౌటర్ తీసుకుపోదాం అనుకునేవాళ్లకు ఒక మాట. కేబుల్ రౌటర్ అయితే ఊళ్లో ఫైబర్ లైనుకు పనికొస్తుంది. ఫోన్ కంపెనీ ఇచ్చిన సిమ్ రౌటర్ చాలాసార్లు ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉంటుంది, అక్కడ అలంకారానికి తప్ప దేనికీ రాదు. పైగా ఒప్పందం ముగిశాక డబ్బా తిరిగి ఇవ్వాలని రాసి ఉందేమో చూసుకోండి.

వచ్చే సెలవు రోజున ఒక పని చేయండి. రూములో అందరూ కూర్చుని రౌటర్ కాగితం బయటికి తీయండి. ఎవరి పేరున ఉంది, ఎన్ని నెలలు మిగిలింది, ఎవరి వాటా ఎంత అన్నది ఒక పుస్తకంలో రాసి అందరూ సంతకం పెట్టండి. కాగితం అర్థం కాకపోతే మీ ఆఫీసులో మాలాంటి గుమాస్తా ఎవరో ఒకరు ఉంటారు, మొహమాటపడకుండా అడగండి. పావుగంట పని.